పొలంలో రాకెట్ ముక్క పడితే పరిహారం ఎవరిని అడగాలి?

పొలంగట్టు (ప్రశ్న):

2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకాలో ఆకాశం నుంచి లోహపు సామాను రాలింది గుర్తుందా? లడ్‌బోరీ అనే ఊళ్లో దాదాపు 3 మీటర్ల వెడల్పు రింగు దొరికింది, దగ్గర్లోనే ఒక గుండ్రటి గోళం కూడా. చైనా లాంగ్ మార్చ్ 3బి రాకెట్ పైదశ ముక్కలై ఉంటాయని నిపుణులు అప్పట్లో చెప్పారు. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏం కాలేదు. చంద్రపూర్ దాటితే మన ఆసిఫాబాద్ జిల్లాయే.

అదే ముక్క పత్తి చేనులోనో, గొడ్ల కొట్టం మీదో పడితే? రైతు ఎవరిని అడగాలి? చైనాని అడగ్గలడా? అసలు పడ్డ ముక్క రైతుదవుతుందా, పాత ఇనుము కింద అమ్ముకోవచ్చా? అంతర్జాతీయ చట్టం ఉందంటారు గానీ, దాంతో ఎవరికైనా ఒక్క రూపాయి వచ్చిందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఏడో అధికరణం (జవాబు):

మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు: వచ్చింది, ఒకసారి. ఆ కేసు కిందకి చెప్తాను, ఎందుకంటే లెక్కలు ఎలా రాయాలో అందులోనే ఉంది.

1967 అంతరిక్ష ఒప్పందం ఏడో అధికరణం ఒక్క వాక్యంలో చెప్పిన బాధ్యతని 1972 లయబిలిటీ కన్వెన్షన్ (నష్టబాధ్యత ఒప్పందం) విడమరిచింది. ఇండియా, చైనా రెండూ ఇందులో ఉన్నాయి. దాని రెండో అధికరణం రైతుకి చాలా అనుకూలం. అంతరిక్ష వస్తువు వల్ల నేల మీద గానీ, ఎగిరే విమానానికి గానీ నష్టం జరిగితే ప్రయోగ దేశానిది సంపూర్ణ బాధ్యత. వాళ్లు నిర్లక్ష్యం చేశారని మనం రుజువు చేయక్కర్లేదు. "మేం జాగ్రత్తలన్నీ తీసుకున్నాం" అన్నా చెల్లదు. మనం చూపించాల్సింది రెండే: ముక్క వాళ్లది, నష్టం ఆ ముక్క వల్ల.

"అంతరిక్ష వస్తువు" అంటే ఉపగ్రహమొక్కటే కాదు. దాన్ని మోసుకెళ్లిన రాకెట్, రాకెట్ విడిభాగాలు, వస్తువు తాలూకు ఏ చిన్న భాగమైనా అందులోకే వస్తాయి. ప్రయోగం విఫలమైనా ప్రయోగం కిందే లెక్క, కాబట్టి కక్ష్య దాకా చేరకుండా కూలిన దశకీ ఇదే వర్తిస్తుంది.

ప్రయోగ దేశం ఎవరన్నది ఇంకొంచెం చిక్కు. నాలుగు రకాలు: ప్రయోగించిన దేశం, డబ్బిచ్చి ప్రయోగం చేయించుకున్న దేశం, ఎవరి నేల మీంచి ఎగిరిందో ఆ దేశం, ఎవరి ప్రయోగ కేంద్రం వాడారో ఆ దేశం. వీళ్లలో ఇద్దరు ముగ్గురు ఉన్నా, నష్టపోయిన దేశం ఏ ఒక్కరినైనా మొత్తం సొమ్ము అడగొచ్చు. వాళ్లలో వాళ్లు పంచుకోవడం వాళ్ల తలనొప్పి.

ఇక రైతుకి అడ్డం వచ్చే సంగతి. ఈ ఒప్పందం కింద క్లెయిమ్ పెట్టే హక్కు దేశానిది, మనిషిది కాదు. మీ దరఖాస్తు తహసీల్దారు నుంచి కలెక్టరుకి, అక్కణ్నుంచి రాష్ట్రానికి, ఆపైన కేంద్ర అంతరిక్ష శాఖకీ విదేశాంగ శాఖకీ చేరాలి. విదేశాంగ శాఖ దౌత్య మార్గంలో అవతలి దేశానికి పెడుతుంది. ఢిల్లీ పెట్టనంటే మీ తరఫున అడిగే వేరే దారి ఈ ఒప్పందంలో దాదాపు లేనట్టే. రాసినదాని ప్రకారం మొదటి హక్కు నష్టపోయినవాడు ఏ దేశ పౌరుడో ఆ దేశానిది. వాళ్లు అడక్కపోతే నష్టం జరిగిన దేశం, వాళ్లూ అడక్కపోతే అతను స్థిరంగా ఉంటున్న దేశం. మన రైతు విషయంలో మొదటి రెండూ ఇండియాయే, చాలాసార్లు మూడోదీ అదే.

గడువు ఏడాది. నష్టం జరిగిన రోజు నుంచి గానీ, ప్రయోగ దేశం ఎవరో గుర్తించిన రోజు నుంచి గానీ. నష్టం మొత్తం తేలకపోయినా ఏడాదిలోపు క్లెయిమ్ పడేసి తర్వాత సవరించుకోవచ్చు. నోటీసు ఇచ్చి ఏడాదైనా మాటల్లో తేలకపోతే ముగ్గురు సభ్యుల క్లెయిమ్స్ కమిషన్ అడగొచ్చు: మనవాడొకడు, వాళ్లవాడొకడు, ఇద్దరూ ఒప్పుకున్న ఛైర్మన్. ఛైర్మన్ విషయంలో 4 నెలల్లో కుదరకపోతే ఏ పక్షమైనా ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్‌ని నియమించమనొచ్చు. ఇంతా చేస్తే, రెండు పక్షాలూ ముందే ఒప్పుకుని ఉంటే తప్ప కమిషన్ తీర్పు సిఫారసు మాత్రమే. అక్కడ కోరలు లేవు.

ఇప్పుడు ఆ కేసు. సోవియట్ కాస్మోస్ 954 నౌకల మీద నిఘా పెట్టే రాడార్ ఉపగ్రహం, దాంట్లో చిన్న అణు రియాక్టర్. 1978 జనవరి 24న కెనడా వాయవ్య ప్రాంతంలో మంచు మీద ముక్కలై పడింది. కెనడా సైన్యం, అమెరికా సాయంతో, నెలల తరబడి వెతికింది. ఎవరూ చావలేదు, ఇల్లు కూలలేదు. మరి నష్టమేంటి? రేడియోధార్మిక ముక్కలు పడి నేల వాడకానికి పనికిరాకుండా పోవడమే ఆస్తి నష్టమని కెనడా వాదించింది.

లెక్క చూడండి. మొత్తం ఖర్చు దాదాపు 1 కోటి 39 లక్షల 70 వేల కెనడా డాలర్లు. అడిగింది 60,41,174 డాలర్ల 70 సెంట్లు మాత్రమే. ఎందుకంటే సైనికుల జీతాల్లాంటివి ఉపగ్రహం పడినా పడకపోయినా ఇవ్వాల్సినవే, ఆ ఖర్చు తీసేసి, ఈ పని వల్ల అదనంగా అయినదే అడిగారు. క్లెయిమ్ పెట్టిన తేదీ 1979 జనవరి 23. గడువుకి ఒక్క రోజు ముందు! చివరికి 1981 ఏప్రిల్‌లో సోవియట్లు 30 లక్షల కెనడా డాలర్లకి ఒప్పుకున్నారు, "బాధ్యత మాదే" అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా రాయకుండా. అడిగినదాంట్లో సగం, ఖర్చయినదాంట్లో ఐదో వంతు.

సంపూర్ణ బాధ్యత ఉన్నచోటే సగం వచ్చిందంటే, బిల్లులు లేనివాడికి ఏమొస్తుందో మీరే ఊహించుకోండి.

గుండు ట్యాంకు (జవాబు):

చట్టం పైన బాగా చెప్పారు. అయితే క్లెయిమ్ గెలిచేదీ ఓడేదీ మొదటి రెండు గంటల్లో, పొలంలోనే. అక్కడ ఏం చేయాలో, ఏం చేస్తే చెడుతుందో రాస్తాను.

ముందు ఏ ముక్కలు కిందికి దిగుతాయో తెలియాలి. కక్ష్య నుంచి జారే వస్తువు 80 కిలోమీటర్ల ఎత్తు దగ్గర విచ్ఛిన్నం అవుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పెంకు భాగం చాలావరకు పైనే పోతుంది. టైటానియం కరగాలంటే 1,668 డిగ్రీలు కావాలి. అందుకే ఎక్కడ దొరికినా గుండ్రటి టైటానియం గోళాలు, కార్బన్ పీచు చుట్టిన పీడన ట్యాంకులు, ఉక్కు రింగులు, ఇంజిన్ తాలూకు గంట ఆకారపు గొట్టాలే ఎక్కువ కనబడతాయి. చంద్రపూర్‌లో దొరికినవీ ఆ బాపతే.

ఎర్రగా కాలుతూ వచ్చి చేను తగలబెడుతుందని చాలామంది భయం. చివరి పాతిక ముప్పై కిలోమీటర్లలో ముక్క వేగం బాగా తగ్గిపోతుంది, గాలికి చల్లబడుతుంది కూడా. మసి పట్టి, మామూలు వేడిగా ఉండే ముక్కే దిగుతుంది. అసలు ప్రమాదం వేడి కాదు, లోపల మిగిలిన ఇంధనం. హైడ్రజీన్ అయితే అమ్మోనియా కలిసిన చేపల కంపు కొడుతుంది. ఆ వాసన ముక్కుకి తగిలిందంటే అప్పటికే సురక్షిత మోతాదు దాటేసిందని అర్థం. నైట్రోజన్ టెట్రాక్సైడ్ అయితే ఎర్రమట్టి రంగు పొగ. ఏదైనా సరే, గాలి మీ వీపు మీంచి ముక్క వైపు పోయే దిక్కున, కనీసం వంద మీటర్ల దూరంలో నిలబడండి. కుక్కల్నీ గొడ్లనీ కట్టేయండి. చితికిన పీచు చుట్టు కనిపిస్తే తాకొద్దు, ఆ నూగు చేతుల్లో గుచ్చుకుంటుంది, ఊపిరితిత్తుల్లోకీ పోతుంది.

112కి ఫోన్ చేయండి. తహసీల్దారుకి చెప్పండి. వాళ్లు వచ్చేలోపు మీరు చేయగలిగిన అతి విలువైన పని ఒకటుంది: సమయం రాసుకోవడం. వెలుగు ఎప్పుడు కనబడింది, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి పోయింది, చప్పుడు ఎప్పుడు వినబడింది. సెకన్లతో సహా. ఉల్క అయితే రెండు మూడు సెకన్లలో మాయం అవుతుంది, రాకెట్ ముక్కలు వరసగా, నిదానంగా, అర నిమిషం నుంచి నిమిషం పైగా ఆకాశం అడ్డంగా పోతాయి. ఆ వెలుగు ఆరిపోయిన కొన్ని నిమిషాల తర్వాతే బరువు ముక్క నేల తాకుతుంది. సెకన్లతో ఏం పని అంటారా? కక్ష్యలో వస్తువు సెకనుకి 7.5 కిలోమీటర్లు పోతుంది. మీరు ఒక్క నిమిషం తప్పు చెబితే 450 కిలోమీటర్ల తేడా. ఆ రోజు ఆ వేళకి మన మీదుగా దిగాల్సిన వస్తువు ఏదని అమెరికా స్పేస్ ఫోర్స్ ప్రకటించే పునఃప్రవేశ అంచనాలతోనూ, అంతరిక్ష వస్తువుల మీద కన్నేసి ఉంచే బెంగళూరులోని ఇస్రో ఐఎస్‌ఫోర్‌ఓఎం కేంద్రం లెక్కలతోనూ పోల్చేది ఆ సమయాన్నే. ఫోన్లో తీసిన వీడియో ఉంటే ఎడిట్ చేయకుండా అసలు ఫైలు దాచండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన వీడియోకి తేదీ, చోటు వివరాలు పోతాయి. వాటిని నమ్మరు. పోల్చేటప్పుడు మన సమయంలోంచి ఐదున్నర గంటలు తీసేయడం మర్చిపోవద్దు, ఆ అంచనాలన్నీ గ్రీనిచ్ సమయంలో ఉంటాయి.

ఇక చెడగొట్టే పనులు. ట్యాంకుని దొర్లించుకుంటూ పంచాయతీ ఆఫీసు దగ్గరికి తెచ్చి ఫోటోలు దిగడం మొదటిది. ముక్క గుంతలోంచి కదిలిందంటే "ఈ నష్టం ఈ ముక్క వల్లే" అన్న రెండో రుజువు సగం పోయినట్టే. పంచనామాలో గుంత లోతు, వెడల్పు, ముక్క ఏ వాలున ఉంది, చుట్టూ ఎన్ని మొక్కలు విరిగాయి, ఏ సర్వే నంబరు, ఇవన్నీ ఎక్కాలి. పక్కన టేపు పెట్టి ఫోటో తీయాలి. మసిని ఇసకతో తోమి మెరిపించడం రెండో తప్పు. మసి కింద సీరియల్ నంబర్లు, వెల్డింగు గుర్తులు ఉంటాయి, ఇది ఏ దేశం తయారీయో చెప్పేవి అవే. అయస్కాంతం అతుక్కోలేదు కాబట్టి టైటానియమే అని తేల్చేయకండి, అల్యూమినియానికీ చాలా రకాల స్టెయిన్‌లెస్ స్టీలుకీ కూడా అతుక్కోదు.

ఇంధనం ఒలికిందన్న అనుమానం ఉంటే నేల మట్టి ఒక్క చోట తీసి లాభం లేదు. గుంతలో ఒకటి, నీరు పారే దిగువన ఒకటి, ముక్క ప్రభావం లేని పక్క చేనులో ఒకటి. ఆ మూడోది లేకపోతే, "మీ నేలలో అది ముందే ఉంది, పురుగుమందుల వల్ల" అని అవతలివాళ్లు అంటారు. నమూనాలు మీరే తీయొద్దు, వచ్చిన అధికారుల చేత తీయించి, సీలు వేయించి, పంచనామాలో రాయించండి.

ఇదంతా పద్ధతిగా ఎలా జరుగుతుందో చూడాలంటే 2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియా గ్రీన్ హెడ్ తీరానికి కొట్టుకొచ్చిన పెద్ద స్థూపాకారపు వస్తువు సంగతి చూడండి. పోలీసులు కాపలా పెట్టారు, అగ్నిమాపక శాఖ, రసాయన కేంద్రం పరీక్ష చేసి ప్రమాదం లేదన్నాకే కదిలించారు. జులై చివరికల్లా ఆస్ట్రేలియా స్పేస్ ఏజెన్సీ అది చాలావరకు పీఎస్‌ఎల్‌వీ మూడో దశ ముక్కే అని తేల్చింది. అవును, మనదే.

పొలంగట్టు:

ఇద్దరికీ దండాలండీ. ఇంత సమాచారం ఒక్కచోట ఎక్కడా దొరకలేదు. ఆ పీఎస్‌ఎల్‌వీ మాట చూశాక ఇంకో రెండు అడగాలనిపిస్తోంది.

ఒకటి: మన శ్రీహరికోట రాకెట్ ముక్క మన తిరుపతి జిల్లాలోనో నెల్లూరు జిల్లాలోనో పడితే ఎవరిస్తారు?

రెండు: 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో పెద్ద క్యాప్సూల్ లాంటిది దిగింది కదా, అదీ అంతరిక్ష వస్తువేనా? జనం గ్రహాంతరవాసులొచ్చారని పరుగులు పెట్టారు.

పినాకిని ఒడ్డు (జవాబు):

రెండోది తేలిక, అది ముందు చూద్దాం. మొగిలిగుండ్లలో దిగింది బెలూన్ కింద వేలాడదీసిన ప్రయోగ క్యాప్సూల్. హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) బెలూన్ కేంద్రం నుంచి వదిలారు, ఒక స్పెయిన్ కంపెనీ పరీక్ష అది. ఆ బెలూన్లు సుమారు 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్తాయి. అంతరిక్షం ఎక్కడ మొదలవుతుందో ఏ ఒప్పందంలోనూ గీత గీయలేదు, 100 కిలోమీటర్లన్నది వాడుక మాత్రమే. గీత ఎక్కడ గీసినా 42 మాత్రం దానికి చాలా కిందే. కాబట్టి లయబిలిటీ కన్వెన్షన్ వర్తించదు, పంట పాడైతే వదిలిన సంస్థనే అడగాలి. ఆ కేంద్రం బెలూన్లు వదిలే ముందు ప్రకటనలిస్తుంది: రంగు పారాచూట్‌తో దిగే పెట్టెల్ని తాకొద్దు, కొన్నింట్లో హై వోల్టేజీ ఉంటుంది, పోలీసులకి గానీ పోస్టాఫీసుకి గానీ చెప్పండి అని. సంస్థ చిరునామా పెట్టె మీదే రాసి ఉంటుంది.

మొదటిదే అసలు ప్రశ్న, చాలామందికి మింగుడుపడనిది కూడా. ఇండియా రాకెట్ ముక్క భారతీయుడి పొలంలో పడితే లయబిలిటీ కన్వెన్షన్ పనిచేయదు. దాని ఏడో అధికరణం (పైన మిత్రుడి పేరు అంతరిక్ష ఒప్పందంలోదో దీంట్లోదో గానీ, రెండింటికీ అతికింది) సొంత పౌరులకి జరిగిన నష్టాన్ని తీసి పక్కన పెట్టింది. ప్రయోగంలో పాల్గొనే విదేశీయులకీ, పిలిస్తే వచ్చి ప్రయోగ కేంద్రం దగ్గర నిలబడ్డ విదేశీయులకీ కూడా వర్తించదు. అది దేశానికీ దేశానికీ మధ్య ఒప్పందం. ఇంట్లో గొడవ ఇంట్లో తేల్చుకోమంటుంది.

దీనికి తాజా ఉదాహరణ అమెరికాలోనే ఉంది. 2021 మార్చిలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి పాత బ్యాటరీల పలకని వదిలేశారు, బరువు రెండున్నర టన్నుల పైమాటే. 2024 మార్చి 8న దాంట్లోంచి మిగిలిన లోహపు కడ్డీ ముక్క, సుమారు 700 గ్రాములు, 10 సెంటీమీటర్ల పొడవు, ఫ్లోరిడాలోని నేపుల్స్ పట్టణంలో ఒక ఇంటి కప్పు, లోపలి అంతస్తు చీల్చుకుని దిగింది. నాసా అది తమదేనని ఒప్పుకుంది. ఇంటివాళ్లు అమెరికన్లు కాబట్టి ఒప్పందం వర్తించదు, నాసాకే పరిహారం అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. అదే ముక్క కాస్త ముందో వెనకో దిగి క్యూబాలో ఒక ఇంటి మీద పడి ఉంటే సంపూర్ణ బాధ్యత వాదన ఎత్తేవాళ్లు. ఎవరి నెత్తిన పడిందన్నదాన్ని బట్టి చట్టం మారుతుంది.

మన దగ్గర అలాంటప్పుడు ఏముంది? ప్రత్యేక అంతరిక్ష చట్టం లేదు. 2017లో ముసాయిదా బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. 2023 అంతరిక్ష విధానం, 2024 మేలో ఇన్‌స్పేస్ (ప్రైవేటు అంతరిక్ష పనులకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి, అయితే అవి ప్రయోగించేవాళ్లకి అనుమతుల కోసం రాసినవి. ప్రైవేటు ప్రయోగమైతే అనుమతి తీసుకునేటప్పుడే బీమా సంగతి వస్తుంది, ఆ బీమా ఎవరిది, ఎంతకి అన్నది రైతు లాయరు మొట్టమొదట అడిగి తెలుసుకోవాల్సిన కాగితం. లేదంటే మామూలు సివిల్ దావాయే. ప్రభుత్వం మీద అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ ప్రకారం రెండు నెలల ముందస్తు నోటీసు తప్పనిసరి, అది ఇవ్వకుండా వేసి కొట్టేయించుకున్న దావాలు బోలెడు. వాదనకి గట్టి ఆధారం 1986 డిసెంబర్‌లో ఢిల్లీ ఓలియం గ్యాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట: ప్రమాదకరమైన పని చేసే సంస్థ, ఎంత జాగ్రత్త పడ్డా సరే, నష్టానికి పూర్తి బాధ్యత వహించాలి. అది రసాయన కర్మాగారం గురించి చెప్పింది. రాకెట్‌కి అదే సూత్రం అతకదనడానికి నాకు కారణం కనిపించదు, అయితే ఇది నా అభిప్రాయం, తీర్పు కాదు.

అమ్మకం గురించి మొదట్లో అడిగారు. అమ్మొద్దు. అంతరిక్ష ఒప్పందం ఎనిమిదో అధికరణం ప్రకారం వస్తువు భూమ్మీదికి తిరిగొచ్చినా యాజమాన్యం మారదు. 1968 రెస్క్యూ ఒప్పందం ఐదో అధికరణం ప్రకారం ముక్క దొరికిన దేశం ప్రయోగించినవాళ్లకీ ఐక్యరాజ్యసమితికీ తెలపాలి, అడిగితే తిరిగివ్వాలి. వెతికి తిరిగిచ్చే ఖర్చు వాళ్లదే. పైగా పాత సామాన్ల కొట్టువాడికి కిలోల లెక్కన తూకం వేసిచ్చిన మరుక్షణం మీ ప్రధాన సాక్ష్యం కొలిమిలోకి పోతుంది.

ఏడో అధికరణం:

అంతరిక్ష ఒప్పందంలోదే! కాకపోతే మీరన్నట్టు రెండో దాంట్లో అదే నంబరు సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తుంది.

మూడో దారి ఒకటి నేను రాయలేదు. లయబిలిటీ కన్వెన్షన్ పదకొండో అధికరణం ప్రకారం రైతు మన విదేశాంగ శాఖని పక్కనపెట్టి, నేరుగా ప్రయోగ దేశం కోర్టులో దావా వేయొచ్చు. మన కోర్టులన్నీ తిరిగి రావాలన్న షరతూ లేదు. అయితే అక్కడ దావా నడుస్తున్నంతకాలం అదే నష్టానికి ఇండియా దౌత్య మార్గంలో క్లెయిమ్ పెట్టకూడదు. ఒక తలుపు తెరిస్తే రెండోది మూసుకుంటుంది. పరాయి దేశం కోర్టులో ఆ ప్రభుత్వం మీదే వ్యాజ్యం, పరాయి భాషలో, అక్కడి లాయరు ఫీజుతో. పత్తి చేను కోసం ఎవరూ ఆ పని చేయలేరు.

పరిహారం ఏ డబ్బులో ఇస్తారన్నదానికీ నియమం ఉంది. మామూలుగా క్లెయిమ్ చేసిన దేశం కరెన్సీలోనే, అంటే రూపాయల్లో. మనం కోరితే వాళ్ల కరెన్సీలో.

తేనెటీగ పెట్టె (జవాబు):

పైన అంతా చదివాక ఒక చిన్న సవరణ, ఒక పెద్ద ఆందోళన.

సవరణ: "సంపూర్ణ బాధ్యత" నేలకీ విమానానికీ మాత్రమే. కక్ష్యలో ఒక ఉపగ్రహం ఇంకోదాన్ని గుద్దితే మూడో అధికరణం, అక్కడ తప్పు రుజువు చేయాలి. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద 789 కిలోమీటర్ల ఎత్తులో పనిచేస్తున్న అమెరికా ఉపగ్రహం ఇరిడియం 33ని, ఎప్పుడో చచ్చిపోయిన రష్యా కాస్మోస్ 2251 గుద్దుకుంది. రష్యా ఉపగ్రహాన్ని కదిలించే మార్గమే లేదు, ఇరిడియంకి ఇంజిన్లున్నా తప్పుకోలేదు. తప్పు ఎవరిది? ఆకాశంలో ఎవరు ఎవరికి దారివ్వాలో రూలు లేనప్పుడు తప్పుకి కొలబద్దే ఉండదు. ఆ గుద్దులో పుట్టిన ముక్క రేపు మీ ఉపగ్రహాన్ని పాడుచేసిందనుకోండి, అది ఎవరిదో కూడా తేలదు.

ఆందోళన ఇండియా గురించి. ప్రయోగ దేశం నిర్వచనంలో "ఎవరి నేల మీంచి" అన్న ముక్క ఉంది చూశారా? శ్రీహరికోట నుంచి విదేశీ ఉపగ్రహాలు నాలుగు వందల పైనే ఎగిరాయి. వాటిని సాధారణంగా సొంతదారు దేశమే నమోదు చేసుకుంటుంది, ఇండియా రిజిస్టర్‌లో పెట్టదు. అయినా మూడో దేశంలో ఎవరి మీదైనా వాటి ముక్క పడితే ఇండియా కూడా ప్రయోగ దేశమే, మొత్తం సొమ్ము ఇండియానే అడగొచ్చు. రిజిస్ట్రేషన్ ఎవరిదన్నది బాధ్యతని మార్చదు.

ఇది కాగితం మీది భయం కాదు. 2018 జనవరి 12న పీఎస్‌ఎల్‌వీ సీ40 మోసుకెళ్లిన 31 ఉపగ్రహాల్లో స్పేస్‌బీ అనేవి నాలుగున్నాయి, అమెరికాలోని స్వార్మ్ టెక్నాలజీస్‌వి. ఒక్కోటి 10 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 2.8 మందం, అంటే చిన్న పుస్తకమంత. అంత చిన్నవాటిని రాడార్లు నమ్మకంగా పట్టుకోలేవని అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ముందే అనుమతి నిరాకరించింది. అయినా కంపెనీ మన రాకెట్‌లో పంపేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో 9 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. ఆ డబ్బు అమెరికా ఖజానాకి పోయింది. ప్రయోగ దేశమన్న బాధ్యత మాత్రం రెండు దేశాల మీదా ఉండిపోయింది.

ఎక్కడ జారింది? ప్రయోగించేవాడు కస్టమర్‌ని "మీ దేశం లైసెన్సు ఉందా" అని అడిగితే కస్టమర్ "ఉంది" అంటాడు, లేదా "వస్తోంది" అంటాడు. లైసెన్సు ప్రతిని ఇచ్చినవాళ్ల దగ్గరే సరిచూసే దశ లేకపోతే ఇలాగే అవుతుంది. అందుకే విదేశీ ఉపగ్రహం ఒప్పందంలో మూడు కాగితాలు ఇంజిన్ కంటే ముఖ్యం: సొంతదారు దేశం ఇచ్చిన లైసెన్సు ప్రతి, రిజిస్టర్ ఎవరు చేస్తారో రెండు ప్రభుత్వాల మధ్య రాత, పరిహారం కట్టాల్సొస్తే ఎవరి వాటా ఎంతన్న ఒప్పందం. ఐదో అధికరణం ఈ వాటాల ఒప్పందాన్ని ఒప్పుకుంటుంది, కాకపోతే అది బాధితుడి హక్కుని తగ్గించదు.

పొలంగట్టు:

చివరిగా ఒక్కటి. రైతు పొలంలో ముక్క పడింది, అధికారులు "ఎవరూ కదిలించొద్దు" అని తాడు కట్టి వెళ్లారు. రెండు నెలలు అలాగే ఉంది. ఆ అరెకరంలో విత్తనం పడలేదు. ఆ నష్టం వస్తుందా?

గుండు ట్యాంకు:

మంచి ప్రశ్న, ఎవరూ అడగనిది. ముక్క తగిలి విరిగిన మొక్కలు సూటి నష్టం, గొడవ లేదు. తాడు కట్టడం వల్ల పోయిన పంట పరోక్ష నష్టం. కన్వెన్షన్ దాని గురించి పేరుపెట్టి ఏమీ అనలేదు. పన్నెండో అధికరణం మాత్రం నష్టం జరక్కపోయి ఉంటే బాధితుడు ఏ స్థితిలో ఉండేవాడో ఆ స్థితికి తేవాలంటుంది. వాదన దాని మీద కట్టాలి.

దానికి కావాల్సింది తాడు కట్టమని తహసీల్దారు ఇచ్చిన రాతపూర్వక ఆదేశం, తేదీతో. నోటిమాటగా చెప్పి వెళ్లిపోతే మీరే పోలీసు స్టేషన్‌లో ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి: "ఫలానా తేదీ నుంచి ఫలానా సర్వే నంబరులో ఇన్ని గుంటలు సాగు ఆపమన్నారు" అని. తాడు విప్పిన రోజు కూడా రాయించండి. పక్క చేనులో అదే పంట ఎకరాకి ఎంత దిగుబడి ఇచ్చిందో మార్కెట్ యార్డు తక్‌పట్టీ ఒకటి జత చేయండి.